తెలుగు పల్లెల్లో క్రైస్తవ ప్రార్థన వేళలు: ఒక పరిశీలన

రోజూ నియమిత వేళల్లో ప్రార్థన చేయాలనే ఆచారం క్రైస్తవంలో తొలినాళ్ల నుంచీ ఉంది. దీని మూలం యూదుల సంప్రదాయం. దానియేలు దినానికి ముమ్మారు మోకరించేవాడని పాత నిబంధన చెబుతున్నది. మొదటి శతాబ్ది చివరనో రెండవ శతాబ్ది మొదటనో వెలువడిన 'దిదఖే' అనే గ్రీకు గ్రంథం ప్రభువు ప్రార్థనను రోజుకు మూడుసార్లు చెప్పుకోవాలని విధించింది. ఆరవ శతాబ్దిలో బెనెడిక్టు తన మఠవాసులకు పగలు ఏడు, రాత్రి ఒకటి, మొత్తం ఎనిమిది వేళలు ఏర్పరచాడు. 1549లో ఇంగ్లండు సంఘానికి ప్రార్థన గ్రంథం కూర్చిన క్రాన్మర్ వీటిని ఉదయం, సాయంకాలం అనే రెండింటికి కుదించాడు. మఠాలకు పరిమితమైన నియమం ఆ విధంగా గృహస్థులకూ అందుబాటులోకి వచ్చింది.

ఈ వేళలను చెప్పడానికి తెలుగులో మాటలకు కొదువ లేదు. రేయింబవళ్లను ఎనిమిది జాములుగా లెక్కించడం మనకు పాత అలవాటే. మఠాల పగటి ప్రార్థనల్లో కొన్నింటి మధ్య ఎడం కూడా సుమారు ఒక జామే. తెలుగు బైబిలులో పెంతెకొస్తు నాటి పేతురు ప్రసంగంలోనూ, యేసు సముద్రం మీద నడిచిన ఘట్టంలోనూ 'జాము' అనే మాటే కనిపిస్తుంది. పేతురు యోహానులు దేవాలయానికి వెళ్లిన ప్రార్థనకాలాన్ని మాత్రం అనువాదకులు గడియారపు లెక్కలో మూడు గంటలుగా చెప్పారు. పొద్దు లెక్క, గడియారం లెక్క ఒకే గ్రంథంలో పక్కపక్కన ఉండటం గమనించదగిన విషయం.

అయితే మాట దొరికినంత మాత్రాన ఆచారం నిలవదు. దానికి తీరిక కావాలి. ఈ సంగతి డోర్నకల్ అధ్యక్ష మండలం చరిత్రలో స్పష్టమవుతుంది. డోర్నకల్, మెదక్, నేటి నాందేడ్ జిల్లాలోని ముఖేడ్ అన్నీ ఆనాడు నిజాం రాజ్యంలోని ఊళ్లే. తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చిన వి. ఎస్. అజరయ్య 1912లో డోర్నకల్ బిషప్పు అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. 1945లో మరణించేవరకూ ఆ బాధ్యత నిర్వహించాడు. ఆ మండలంలో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాల కూలీలు. ప్రార్థన గ్రంథం రెండు వేళలు చెప్పింది. కాని తెల్లవారింది మొదలు పొద్దుగూకే దాకా వారి కాలం భూస్వామిది. వెట్టికి పిలుపు వస్తే అది కూడా చాలదు. అందువల్ల ఉదయ ప్రార్థన కంటే, పొలం నుంచి తిరిగి వచ్చాక పల్లెలో జరిగే రాత్రి ప్రార్థనే దైనందిన ఆచారంగా బలపడింది.

దానిని నడిపినవాడు గ్రామోపాధ్యాయుడు. అక్షరాలు రానివారికి ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు నోటి పాఠంగా వచ్చేవి. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారి కీర్తనలు గ్రంథం చదవలేని లోటును తీర్చాయి. చాలాచోట్ల ప్రార్థన, పాటలు, చదువు ఒకే దీపం కింద సాగాయి.

ఇది కేవలం ఆంగ్లికన్ గ్రంథ ప్రభావమని అనుకోవచ్చునా? అట్లా అనుకోవడానికి వీలులేదు. నియమిత ప్రార్థన గ్రంథం లేని బాప్తిస్టు పల్లెల్లోనూ ఉపాధ్యాయుడు నడిపే సాయంకాలపు కూటమే ప్రధానంగా కనిపిస్తుంది. కనుక కారణాన్ని గ్రంథంలో కాక కూలి బతుకులో వెతకాలి.

మరొక అంశం. త్రికాల సంధ్యావందనాన్ని శాస్త్రం ద్విజులకు విధించింది. ముస్లిములకు అయిదు వేళల నమాజు ఉంది. ఊరి వెలుపలి వాడకు మాత్రం ప్రతిదినమూ తనదని చెప్పుకోదగిన వేళ ఏదీ ఆ శాస్త్రం ఇవ్వలేదు. దొర పిలుపు కోసం కాక, తమ కోసం తాము రోజూ ఒకచోట చేరే ఆ రాత్రి గడియ ఆ లోటును కొంత పూరించింది. దాని విలువ భక్తికి మాత్రమే సంబంధించినది కాదు.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి, డోర్నకల్ ఆంగ్లికన్లు, మెదక్ మెథడిస్టులు ఒకే సంఘంలోకి వచ్చారు. 1963లో రెండవ వాటికన్ సభ కతోలిక ఆరాధనలో దేశభాషలకు అనుమతినిచ్చింది. ఈ మార్పులన్నీ గ్రంథాల్లో నమోదయ్యాయి. పల్లె రాత్రి ప్రార్థన చరిత్ర మాత్రం చాలావరకు వృద్ధుల జ్ఞాపకాల్లోనే ఉంది. మౌఖిక చరిత్రపై పనిచేసే పరిశోధకులు దానిని ముందుగా సేకరించవలసి ఉంది.