జనరేటర్ నోరు ఎవరు మూయించారు? చప్పుడుకీ వేడికీ మధ్య వందేళ్ల పేచీ

ఈ రోజు ఎపిసోడ్‌లో రాజులు లేరు, కోటలు లేవు. పెళ్లి పందిరి వెనకాల, కిరాణా షాపు మెట్ల మీద, వినాయకుడి మండపం పక్కన కూర్చుని ఆగకుండా అరిచే ఒక డబ్బా ఉంటుంది కదా, దాని చరిత్ర చెప్పుకుందాం. పోర్టబుల్ జనరేటర్.

2012, 2013 నాటి కరెంటు కోతలు గుర్తున్నవాళ్లకి ఆ సౌండ్‌ని పరిచయం చెయ్యక్కర్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యాక్టరీలకి పవర్ హాలిడేలు పెట్టిన రోజులవి. బజార్లో లైట్లు పోగానే ఒక షాపువాడు తాడు లాగేవాడు, ఆ వెంటనే పక్కవాడు, ఆ తర్వాత ఎదురువాడు. రెండు నిమిషాల్లో వీధిలో మనిషి మాట మనిషికి వినపడేది కాదు. అప్పుడు ప్రతి ఒక్కరికీ వచ్చే ఆలోచన ఒకటే: “దీని మీద ఏదైనా పెట్టె బోర్లించేస్తే పోలా?”

పోదు. ఎందుకు పోదో ముందు చూద్దాం, ఎందుకంటే ఈ చరిత్ర మొత్తం ఆ ఒక్క “ఎందుకు” చుట్టూనే తిరుగుతుంది.

చిన్న పెట్రోల్ జనరేటర్‌లో మనం పోసిన ఇంధనంలో సుమారు ఐదో వంతే కరెంటుగా బయటికొస్తుంది. మిగతాదంతా వేడి. 2 కిలోవాట్ల కరెంటు తీస్తున్నామంటే దాదాపు 8 కిలోవాట్ల వేడిని అది ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి. అందులో సగం సైలెన్సర్ గొట్టం లోంచి పొగతో పాటు పోయిందనుకోండి, మిగతా 4 కిలోవాట్లు ఇంజన్ ఒంటి మీద నుంచే పోవాలి. అంటే నాలుగు ఇస్త్రీ పెట్టెలు ఫుల్ మీద పెట్టి ఒక డబ్బాలో మూసినట్టు. ఆ వేడిని మోసుకుపోయే గాలి 20 డిగ్రీలకి మించి వేడెక్కకూడదు అనుకుంటే, పదడుగుల గదిలో పట్టేంత గాలి దాదాపు మూడు నిమిషాలకోసారి ఇంజన్ మీదుగా వెళ్లాలి. ఇది రఫ్ లెక్కే, కానీ సంగతి అర్థమవుతుంది. బయట రెంటచింతల ఎండ 45 డిగ్రీలు ఉంటే ఆ గాలి కూడా మంటే.

సరే, గాలి కోసం కన్నాలు పెడదాం అంటారా? అక్కడే ఉంది చిక్కు. గోడ ఎంత మందంగా ఉన్నా సరే, దాని వైశాల్యంలో ఒక్క శాతం కన్నం వదిలితే ఆ పెట్టె 20 డెసిబెల్స్‌కి మించి తగ్గించలేదు. గాలి వెళ్లే దారిలోనే సౌండ్ కూడా వెళ్తుంది. చప్పుడుని ఆపాలంటే మూయాలి, వేడిని పంపాలంటే తెరవాలి. ఈ రెండిటి మధ్య పేచీ తీర్చడానికి వందేళ్లు పట్టింది.

మొదట తీరింది గొట్టం సమస్య. ఇంజన్ మోతలో పెద్ద వాటా ఎగ్జాస్ట్‌ది. సిలిండర్లో పేలిన వాయువు ఒక్కసారిగా బయటికి దూకుతుంది, అదే మనకి వినిపించే “ఢమ్”. 1897లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, కొలంబస్ అనే ఊళ్లో మిల్టన్ రీవ్స్, మార్షల్ రీవ్స్ అనేవాళ్లు ఇంజన్ ఎగ్జాస్ట్‌కి మఫ్లర్ పేటెంట్ తీసుకున్నారు. తమాషా ఏంటంటే, మన అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో కనిపించే కమిన్స్ ఇంజన్ల కంపెనీ కూడా ఆ ఊళ్లోనే 1919లో పుట్టింది.

ఆ తర్వాత వచ్చే పేరు హైరమ్ పెర్సీ మాక్సిమ్. వాళ్ల నాన్న మాక్సిమ్ మెషిన్ గన్ కనిపెట్టినాయన, ఆ తుపాకుల మోతకే చెవుడు తెచ్చుకున్నాడు. కొడుకు 1909లో తుపాకీకి సైలెన్సర్ పేటెంట్ తీసుకున్నాడు! తండ్రి మోత, కొడుకు మౌనం. బాత్‌టబ్‌లో నీళ్లు సుడి తిరుగుతూ దిగడం చూసి ఈ ఐడియా వచ్చిందని చెబుతారు. వాయువుని తిన్నగా పోనివ్వకుండా తిప్పి తిప్పి, నెమ్మదింపజేసి వదలడం, అంతే సూత్రం. ఆయన కంపెనీ తర్వాత తుపాకులు వదిలేసి ఇంజన్ల సైలెన్సర్ల మీదే బతికింది. మనం బైక్ గొట్టాన్ని ఇప్పటికీ “సైలెన్సర్” అని పిలుస్తాం కదా, ఆ మాట అప్పటి వాసనే.

కానీ సైలెన్సర్ బిగించినంత మాత్రాన జనరేటర్ నోరు మూసుకోలేదు. కారణం ఇంకో ఇంజన్‌తో పోలిస్తే బాగా తెలుస్తుంది. మన తాతల కాలంలో పొలాల్లో నీళ్లు తోడిన ఆయిల్ ఇంజన్ గుర్తుందా? ఇంగ్లండ్‌లో లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో తెచ్చిన సీఎస్ అనే మోడల్ ఆ జాతికి పెద్ద పేరు. దాని కాపీలు గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఏళ్ల తరబడి తయారయ్యాయి. అది నిమిషానికి 650 చుట్లు తిరిగేది, అంటే సెకనుకి ఐదు పేలుళ్లు. అందుకే డుగ్... డుగ్... డుగ్... అని లెక్కపెట్టుకోవచ్చు. వేడి సంగతి చూసేది పక్కనున్న నీళ్ల ట్యాంకు. వేడెక్కిన నీళ్లు వాటంతట అవే పైకి పోతాయి, చల్లనివి కిందకి వస్తాయి, పంపు కూడా అక్కర్లేదు. సిలిండర్ చుట్టూ నీళ్లుంటే మోత కూడా కొంత లోపలే అణుగుతుంది. కాకపోతే దాన్ని ఎత్తాలంటే ఎడ్లబండి కావాలి!

పోర్టబుల్ అనగానే నీళ్లు పోయాయి, బరువు పోయింది, వాటితో పాటు నెమ్మదితనం కూడా పోయింది. మన ఇంటి కరెంటు 50 హెర్ట్జ్. చిన్న జనరేటర్‌లో ఆల్టర్నేటర్‌కి రెండే ధ్రువాలు ఉంటాయి, కాబట్టి 50 హెర్ట్జ్ రావాలంటే అది నిమిషానికి 3000 చుట్లు తిరిగి తీరాలి. మీరు ఒక్క బల్బు వెలిగించినా 3000, పది వెలిగించినా 3000. సెకనుకి 25 పేలుళ్లు. చెవికి లెక్క అందదు, గుయ్యిమని ఒకటే హోరు. పైగా ఇంత తక్కువ పిచ్ ఉన్న సౌండ్ స్పాంజికి, దూదికి లొంగదు. అందుకే గుడ్డ కప్పినా, గోనెసంచి కప్పినా సన్నని కీచు పోతుందేమో గానీ ఆ గుబగుబ పోదు. గోనెసంచి మాత్రం అంటుకోవచ్చు, జాగ్రత్త.

ఇప్పుడు జపాన్ వెళ్దాం. 1946, హమమట్సు. యుద్ధం అయిపోయింది, ఊరు బూడిదైంది. సోయిచిరో హోండా చేతికి సైన్యం వదిలేసిన చిన్న ఇంజన్లు దొరికాయి. అవి దేనికి వాడినవో తెలుసా? వైర్‌లెస్ సెట్లకి కరెంటు ఇచ్చే జనరేటర్లకి. ఆయన వాటిని సైకిళ్లకి తగిలించాడు. మొదట్లో పెట్రోల్ ట్యాంకు దొరక్క, చలికి పక్కలో పెట్టుకునే వేడినీళ్ల సీసానే ట్యాంకుగా వాడాడు. అంటే మన రోడ్ల మీద తిరిగే హోండా బండి పుట్టుకే ఒక జనరేటర్ ఇంజన్ నుంచి. ఆ అప్పు తీర్చుకున్నట్టుగా 1965లో అదే కంపెనీ ఈ300 అనే 300 వాట్ల జనరేటర్ తెచ్చింది. చేత్తో పట్టుకుని వెళ్లేంత చిన్నది. జనరేటర్ అంటే వర్క్‌షాప్ యంత్రం కాదు, పిక్నిక్‌కి కూడా తీసుకెళ్లే ఇంటి వస్తువు అన్న ఆలోచన అలాంటి మోడల్స్‌తోనే పాకింది. ఇంటి వస్తువు అయ్యాక అరిస్తే ఎవరు ఊరుకుంటారు?

మన దేశానికి ఈ చిన్న జనరేటర్లు 1980లలో శ్రీరామ్ హోండా, బిర్లా యమహా లాంటి పేర్లతో వచ్చాయి. వాటిలో చాలావాటికి ఒక దేశీ గుణం ఉండేది. పెట్రోల్‌తో స్టార్ట్ చేసి, ఇంజన్ వేడెక్కాక కిరోసిన్‌కి మార్చడం. కిరోసిన్ చవక కాబట్టి షాపులవాళ్లకి అదే లాభం. వాసన, పొగ, మోత వీధికి.

అసలు విషయం నా లెక్కలో ఇక్కడే ఉంది. జనరేటర్ కొన్నవాడు ఫ్యాన్ కింద లోపల కూర్చుంటాడు, డబ్బాని బయట పేవ్‌మెంట్ మీద పెడతాడు. కరెంటు ఆయనది, చెవులు మనవి. డబ్బు పెట్టేవాడికి మోత తగలనప్పుడు నిశ్శబ్దం కోసం ఎక్స్‌ట్రా ఎందుకు ఇస్తాడు? టెక్నాలజీ ఉన్నా అది బజార్లోకి రానిది ఇందుకే. కదిలించింది చివరికి చట్టమే.

2000లో దేశంలో శబ్ద కాలుష్య నియమాలు వచ్చాయి. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 డెసిబెల్స్. ఆ కాలంలోనే పెట్రోల్, కిరోసిన్ జనరేటర్లకి కూడా తయారీదశలోనే హద్దు పెట్టారు, ముందు 90, తర్వాత 86 డెసిబెల్స్ సౌండ్ పవర్. ఇక 2002 నోటిఫికేషన్ డీజిల్ సెట్ల గురించి: 1000 కేవీఏ దాకా ఉన్న కొత్త సెట్లు పెట్టె నుంచి ఒక మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదు, ఆ పెట్టెని తయారుచేసిన కంపెనీయే బిగించి ఇవ్వాలి. ఈ చివరి ముక్క చాలా ముఖ్యం. అంతకుముందు కొన్నవాడు వెల్డింగ్ షాపుకెళ్లి రేకు డబ్బా చేయించుకునేవాడు, ఇంజన్ వేడెక్కి ఆగిపోతే తలుపు తీసి పెట్టేవాడు. తలుపు తీశాక ఇక డబ్బా ఎందుకు!

కంపెనీ పెట్టెలో పేచీ ఎలా తీరిందంటే, గాలికి వంకర దారి వేశారు. గాలి మలుపు తిరగగలదు. సౌండ్ కూడా తిరుగుతుంది, కానీ ప్రతి మలుపు దగ్గర గోడకి అతికించిన గ్లాస్ ఊల్, ఫోమ్ దాన్ని కొంచెం కొంచెం తినేస్తాయి. చల్లగాలి ఒక వైపు నుంచి వస్తుంది, ముందు ఆల్టర్నేటర్‌ని, తర్వాత ఇంజన్‌ని తాకి వేరే వైపు నుంచి పోతుంది. వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకోకుండా చూడటం ఇందులో కీలకం. సొంతంగా చేసిన డబ్బాలు ఫెయిలయ్యేది ఎక్కువగా ఇక్కడే. లోపలికి వచ్చే కన్నం, బయటికి పోయే కన్నం పక్కపక్కనే పెట్టేస్తారు. ఇంకోటి, ఇంజన్ కింద రబ్బరు దిమ్మలు. ఇవి లేకపోతే అదురు పెట్టె రేకుకి ఎక్కి, ఆ రేకే స్పీకర్ అయి కూర్చుంటుంది.

సినిమావాళ్లు మాత్రం చాలాకాలం వేరే దారి పట్టారు. జనరేటర్ వ్యాన్‌ని దూరంగా ఆపి పొడుగు కేబుల్ లాగడం. మన సినిమాల్లో డైలాగులు తర్వాత డబ్బింగ్‌లో చెప్పుకోవడం అలవాటు కాబట్టి కొంత మోత ఉన్నా నడిచిపోయేది కూడా. ఆరుబయట దూరం రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గాలికి ఏ అడ్డూ ఉండదు. అన్నిటికంటే పాత సైలెన్సర్, పైసా ఖర్చు లేనిది. కేబుల్ మాత్రం లావుది వెయ్యాలి, లేకపోతే వోల్టేజ్ దారిలోనే పడిపోతుంది.

ఇంతా చేసినా 3000 చుట్ల సంకెల అలాగే ఉంది. దాన్ని తెంపింది ఎలక్ట్రానిక్స్. 1990ల చివర్లో వచ్చిన ఇన్వర్టర్ జనరేటర్లలో ఆల్టర్నేటర్ ఏ స్పీడులో తిరిగినా ఫర్వాలేదు. వచ్చిన కరెంటుని ముందు డీసీగా మార్చి, తర్వాత సర్క్యూట్ దాన్ని శుభ్రమైన 50 హెర్ట్జ్‌గా మళ్లీ తయారుచేస్తుంది. దాంతో లోడ్ తక్కువున్నప్పుడు ఇంజన్ నెమ్మదిగా తిరగొచ్చు. నెమ్మదిగా తిరిగితే పేలుళ్లు తక్కువ, ఇంధనం తక్కువ, వేడి కూడా తక్కువ. గమనించారా? చప్పుడు తగ్గిస్తే వేడి పెరుగుతుందని కదా మొదటి నుంచీ గొడవ. ఇక్కడ రెండూ కలిసి తగ్గాయి. ఎందుకంటే మోతని మూతేసి దాచలేదు, పుట్టనివ్వలేదు. ధర మాత్రం మామూలు సెట్ కంటే ఎక్కువ, ఫుల్ లోడ్ పెడితే అది కూడా అరుస్తుంది.

ఒక్క మాట సీరియస్‌గా. చప్పుడు తగ్గించాలని జనరేటర్‌ని గదిలో, మెట్ల కింద, మూసిన షట్టర్ వెనకాల, కిటికీ పక్కన పెట్టొద్దు. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు, తలనొప్పి, మత్తు వచ్చి నిద్రలోనే ప్రాణం పోతుంది. నిశ్శబ్దంగా ఉండే కొత్త మోడల్ కూడా అదే గ్యాస్ వదులుతుంది. పైగా అరవదు కాబట్టి ఇంట్లోకి తెచ్చేయొచ్చని అనిపిస్తుంది, అదే భయం. బయట, ఇంటికి దూరంగా, గొట్టం మనుషుల వైపు లేకుండా పెట్టండి.

2023 జూలై నుంచి కొత్త జనరేటర్లకి పొగ నియమాలు ఇంకా బిగించారు. షాపుల్లో చాలాచోట్ల ఇప్పుడు బ్యాటరీ ఇన్వర్టర్లే నడుస్తున్నాయి. ఆ బ్యాటరీల కథ ఇంకో రోజు చెప్పుకుందాం. ఉంటాను.