ఎవరి ఇంటికి దంచిన పిండి

తెలంగాణలో సంక్రాంతికి చేసే సకినంలో కారం పడదు. కొత్త బియ్యం, నువ్వులు, ఓమ, ఉప్పు, వేయించడానికి నూనె. సరుకంతా ఇంతే. మా ఇళ్లలోనే చేసుకునే సర్వపిండిలో పచ్చిమిరపకాయలు, పల్లీలు పడతాయి. ఆ రెండూ అమెరికా ఖండం పంటలు, పోర్చుగీసు ఓడలు మన తీరాలకు రావడం మొదలయ్యాక వచ్చినవి. సకినాల పిండిలో అక్కడి నుంచి వచ్చిన గింజ ఒక్కటీ లేదు. నువ్వులైతే హరప్పా తవ్వకాల్లోనే దొరికాయి. అందుకే సంక్రాంతి అప్పాలన్నిటికీ పెద్దక్క సకినమేనని నా నమ్మకం.

పిండిని కాగే మూకుట్లో వేసి తీయడం దక్కన్ నేలకు చాలా పాత విద్య. కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేర 1129 ప్రాంతంలో వెలువడిన మానసోల్లాసంలో మినప్పప్పు నానబెట్టి, రుబ్బి, వేయించే ఘారిక ఉంది. మన గారెకు అదే మూలం. అప్పటికి హన్మకొండ కాకతీయులు ఆ చాళుక్యులకు సామంతులు. కానీ ఆ గ్రంథం రాజుగారి భోజనం గురించి చెబుతుంది, పప్పు రుబ్బిన వాళ్ల పేర్లు అందులో ఉండవు. నాకు కావలసింది వాళ్ల సంగతే.

మా ఊరు పెద్దవంగర ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో మండల కేంద్రం. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చేదాకా వరంగల్ జిల్లా కొడకండ్ల మండలంలో ఒక ఊరు. పాకాల, రామప్ప, లక్నవరం లాంటి కాకతీయుల చెరువుల కింద వరి పండింది. మా వైపు చెల్కలు ఎక్కువ. చెరువు నిండిన ఏడు నాలుగు మడులు వరి, లేకపోతే జొన్న. మా నాయినమ్మ బతుకంతా పొద్దున జొన్న గట్క, రాత్రి జొన్న రొట్టె. తెల్లన్నం పండుగకో, చుట్టం వస్తేనో. బియ్యం పేదింట్లో రోజూ ఉడకడం చాలా ఆలస్యంగా వచ్చిన మార్పు. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1983లో కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చిన తర్వాతే చాలా ఇళ్లలో జొన్న వెనక్కి పోయింది. అంతకుముందు కాలంలో కుంచాల కొద్దీ బియ్యాన్ని తినకుండా పిండి చేయడమంటే ఇంటికి ఎంత పెద్ద ఖర్చో ఊహించుకోవాలి. వానాకాలం పంట ఇంటికి చేరి, గింజ కంటికి కనిపించే రోజులు సంక్రాంతివే కాబట్టి సకినం ఆ పండుగ అప్పమైంది.

ఇల్లు చేరిందనుకున్న గింజ కూడా అందరికీ దక్కలేదు. నిజాం ఏలుబడిలో మా చుట్టుపక్కల ఊళ్ల మీద దొరల పెత్తనం. వెట్టి అంటే పొలం దున్నడం ఒక్కటే అనుకుంటారు చాలామంది. దొర ఉండే గడికి కుండలు కుమ్మరి ఇవ్వాలి, బట్టలు ఉతకడంతో పాటు పసుపు, మిరపకాయలు దంచడం చాకలి ఇంటి మీద పడేది, వడ్లు దంచడానికి ఆడవాళ్లు పోవాలి. మా నాయినమ్మ పెళ్లయి వచ్చిన కొత్తలో పండుగ ముందు రోజుల్లో ఒక గడిలో రోకలి పట్టింది. అక్కడ దంచిన పిండిలో పిడికెడు కూడా తన కొంగుకు రాలేదని చెప్పేది. చెప్పేటప్పుడు ఏడ్చేది కాదు, కోపపడేది కాదు, పిండి ఎంత మెత్తగా వచ్చిందో మాత్రం చెప్పేది. తన పని మీద ఆమెకు ఉన్న ఆ గౌరవమే నన్ను ఇది రాయమన్నది.

పాలకుర్తి మాకు పొరుగు. అక్కడి చాకలి ఐలమ్మ కౌలుకు తీసుకున్న పొలంలో పంట వేసుకుంటే విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి మనుషులు దాన్ని ఎత్తుకుపోవాలని చూశారు. ఆంధ్ర మహాసభ సంఘం కార్యకర్తలు అడ్డం నిలబడి, వరి కోసి, వడ్లను ఐలమ్మ ఇంటికే చేర్చారు. 1946 జులై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమురయ్య ఆ దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు బలయ్యాడు. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. చరిత్ర పుస్తకాలు ఈ తేదీల దగ్గర భూమి గురించి రాస్తాయి, రాయాల్సిందే. నేను అదనంగా ఒక్క మాట చెబుతాను. తన వడ్లు తన ఇంట్లో ఉన్న ఆడమనిషి తన రోట్లో, తన పిల్లల కోసం పిండి దంచుకుంటుంది. మా ఊళ్లలో పేదింటి సకినానికి అసలు చరిత్ర అక్కడే మొదలవుతుంది.

నేను చూసిన సకినాలు ఆ తర్వాతి కాలానివి. రాత్రి బియ్యం నానబోస్తారు. పొద్దున నీళ్లు వంచి, గుడ్డ మీద కాసేపు ఆరనిచ్చి, తడి ఉండగానే రోట్లో పోస్తారు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి రోకళ్లు మార్చి మార్చి వేస్తారు. మూడో ఆమె జల్లెడ పడుతుంది, పైన మిగిలిన నూక మళ్లీ రోట్లోకి పోతుంది. "పిండి ఆరనియ్యకు బిడ్డా, ఆరితే సకినం రాయైతది" అని నాయినమ్మ నా వెనకే ఉండేది. నువ్వులు, ఓమ, ఉప్పు కలిపి, నీళ్లు కొద్దికొద్దిగా పోసి తడుపుతారు. పలచనైతే నూనె తాగుతుంది, గట్టిగైతే వేళ్ల మధ్య తెగుతుంది. మొదటి ముద్దతో గౌరమ్మను చేసి పసుపు కుంకుమ పెడతారు. ఆ తర్వాతే పరిచిన తెల్లబట్ట మీద చుట్టడం. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు పిండిని మెలితిప్పుతూ వదులుతుంటే సన్నని తాడు పేనినట్టు చుట్టు మీద చుట్టు పడుతుంది. మూడు చుట్లు, నాలుగు చుట్లు, కొత్త అల్లుడి ఇంటికైతే అరచేయి దాటినంత పెద్దవి. బట్ట తడి లాగేసుకున్నాక పగలకుండా ఎత్తి నూనెలో జారవిడవాలి. తిప్పడానికి, తీయడానికి సన్నని పుల్ల.

ఈ పని ఒక్కరితో కాదు. ఇవాళ మా ఇంట్లో, రేపు వదినె ఇంట్లో, ఎల్లుండి చిన్నమ్మ ఇంట్లో. నాటులో బదులు పనికి పోయినట్టే వాడకట్టు ఆడవాళ్లు వంతులవారీగా కూర్చునేవాళ్లు. కూలి లేదు, లెక్క మాత్రం ఉండేది. ఎవరింటికి ఎవరు రాలేదో ఏడాదంతా గుర్తుండేది. గడిలో దంచిన చేతులే ఇక్కడా దంచాయి. తేడా ఒక్కటే, ఇక్కడ చేసిన సాయం తిరిగి వస్తుంది. కూతురు కాపురం మొదటి సంక్రాంతికి సారె గంపలో పోయే సకినాలు ఇరవై చేతులు చుట్టినవి. వియ్యపురాలు వాటిని తన వాడకట్టులో ఇంటింటికీ పంచేది.

ఈ ఇచ్చిపుచ్చుకోవడం మతం దాటి కూడా సాగేది. మా జిల్లాలోనే డోర్నకల్ ఉంది. భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ వి.ఎస్. అజరయ్య 1912 నుంచి అక్కడ బిషప్‌గా పనిచేశారు, ఆయన కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్ 1939లో ప్రార్థనలకు తెరుచుకుంది. ఆ చర్చి పద్ధతులు ఇంగ్లండు నుంచి వచ్చినా, పల్లెల్లో క్రిస్మస్‌కు మూకుడే పొయ్యెక్కింది. కేకు బేకరీలతో పాటు తర్వాత వచ్చింది. క్రిస్టియన్ ఇళ్ల నుంచి డిసెంబరులో మాకు వచ్చే గిన్నెలో అరిసెలు, మురుకులు ఉండేవి, జనవరిలో అదే గిన్నె సకినాలతో తిరిగి పోయేది.

కరెంటుతో గిర్నీలు వచ్చాయి. మొదట్లో పెద్దవాళ్లు గిర్నీ పిండిని ఒప్పుకోలేదు, వేడికి తడి పోతుందని. మెల్లగా సంక్రాంతి ముందు తడి బియ్యం పట్టే గిర్నీలు వెలిశాయి, రోళ్లు గోడ పక్కకు చేరాయి. భుజాల నొప్పి తగ్గినందుకు నాకు సంతోషమే, రోకలి పోటు మీద నాకు బెంగ లేదు. పిల్లలు హైదరాబాద్‌కు, అమెరికాకు పోయారు. చుట్టే చేతులు వాడకట్టులో తగ్గాయి. ఇప్పుడు హన్మకొండ, హైదరాబాద్ పిండివంటల దుకాణాలు కిలోల లెక్కన ఏడాది పొడుగునా సకినాలు అమ్ముతున్నాయి, కొరియర్‌లో విదేశాలకూ పంపుతున్నాయి.

ఆ దుకాణాల వెనక గదుల్లో బట్ట పరిచి చుట్టేది ఎక్కువగా మా ఊళ్ల వంటి ఊళ్ల నుంచి పోయిన ఆడవాళ్లే. వాళ్లకు కూలి దొరుకుతోంది, అది గడిలో దొరకలేదు. కానీ చుట్టు తెగకుండా, అన్నీ ఒకే తీరుగా తిప్పడం నేర్చిన పనితనం. కూరగాయలు తరిగే పనితో కలిపి ఒకే కూలి కట్టడం న్యాయం కాదు. ప్యాకెట్ మీద దుకాణం పేరు, 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు, బరువు, ధర అన్నీ ఉంటాయి. చుట్టిన మనిషి పేరు కూడా అక్కడ అచ్చువేయాలి. పోచంపల్లి చీరకు నేసినవాళ్ల పేరు అడగడం నేర్చుకున్నవాళ్లం, సకినం కొనేటప్పుడూ ఎవరు చుట్టారని అడుగుదాం.