పుల్లని రుచి చరిత్ర: రెడ్‌కరెంట్ జెల్లీ, పుంటికూర తొక్కు

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• ఒకే మొక్క రెండు వంట సంప్రదాయాల్లో ఎలా ఇమిడిందో వివరించగలుగుతారు.
• ఇంటి వంటను చారిత్రక ఆధారంగా వాడుకోవడంలోని అవకాశాలను, ఇబ్బందులను గుర్తించగలుగుతారు.

1. విషయ పరిచయం

రెడ్‌కరెంట్ చలి ప్రదేశాల్లో పెరిగే పొద. దానికి చిన్న ఎర్రని పుల్లని పండ్లు గుత్తులుగా కాస్తాయి. ఇంగ్లండులో ఆ రసాన్ని చక్కెరతో కాచి, గడ్డకట్టించి జెల్లీ చేస్తారు. కాల్చిన గొర్రె మాంసంతో, జింక మాంసంతో దాన్ని తింటారు. కొవ్వున్న మాంసానికి పులుపు తోడైతే తిండి వెగటు పుట్టదు.

ఈ జెల్లీ నిలవ ఉండటానికి కారణం చక్కెర. పండులోని పెక్టిన్, ఆమ్లం, చక్కెర కలిసి రసాన్ని గడ్డకట్టిస్తాయి. దాదాపు 60-65 శాతం ఉండే చక్కెర నీటిని పట్టి ఉంచడం వల్ల సూక్ష్మజీవులు సులభంగా పెరగలేవు.

2. భారతదేశంలో రోజెల్ జెల్లీ

మన మైదానాల ఎండకు రెడ్‌కరెంట్ కాయదు. ఇక్కడ నివసించిన ఆంగ్లేయుల ఇళ్ళలో ఇలాంటి జెల్లీకి పనికివచ్చిన మొక్క రోజెల్. యూల్, బర్నెల్ కూర్చిన, 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఈ మాటకు చోటిచ్చింది. పువ్వు రాలిన తరవాత మిగిలే కండగల ఎర్రని రక్షకపత్రాలతో మంచి జెల్లీ అవుతుందని నమోదు చేసింది.

1753లో లిన్నేయస్ హైబిస్కస్ సబ్దరిఫా అని పేరుపెట్టిన ఈ మొక్క మనకు కొత్తది కాదు. కోస్తాలో గోంగూర, తెలంగాణలో పుంటికూర అని పిలిచే మొక్కల్లో ఇదొకటి. ఆంగ్లేయులు కాయ తీసుకున్నారు. మనవాళ్ళు ముఖ్యంగా ఆకు తీసుకున్నారు.

3. రుద్రంగి ప్రాంతం: ఒక పరిశీలన

వేములవాడ నుంచి కోరుట్ల వెళ్ళే దారిలో రుద్రంగి ఉంది. 1948 వరకు ఈ ప్రాంతం నిజాం పాలనలోని హైదరాబాదు రాజ్యంలో భాగం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో పుంటికూరను పప్పులో వేస్తారు, మాంసంతో వండుతారు, తొక్కు నూరుతారు. మాంసంతో వండేటప్పుడు పుంటికూర చేసే పని రెడ్‌కరెంట్ జెల్లీ చేసే పనే. అయితే నిలవకు ఇక్కడ వాడేది చక్కెర కాదు. ఉప్పు, నూనె, కారం.

ఈ తేడా ఎందుకు వచ్చింది? చక్కెర దొరకకపోవడమే కారణమని మొదట అనిపిస్తుంది. కాని ఈ సమాధానాన్ని పరీక్షించాలి. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. తరవాతి కాలంలో కోరుట్లకు దగ్గరలోని ముత్యంపేటలో కూడా అదే సంస్థ కర్మాగారం నడిచి, 2015 చివర మూతపడింది. చుట్టుపక్కల రైతులు చెరకు పండించినా పుంటి కాయల జెల్లీ ఇంటి వంటగా వ్యాపించలేదు. కాబట్టి సరుకు అందుబాటు ఒక్కటే ఆహారపుటలవాటును నిర్ణయించదు. అది దేనితో తినాలన్నది కూడా ముఖ్యం. జొన్నరొట్టెకు, అన్నానికి కావలసింది కారంగా, ఉప్పగా ఉండే నంజు. అందులో తీపికి చోటు తక్కువ.

4. ఆధారాల సమస్య

రోజెల్ జెల్లీ నిఘంటువుకెక్కింది. దాన్ని ఆంగ్లేయుల వంటిళ్ళలో కాచిన వంటవాళ్ళ పేర్లు అందులో లేవు. పుంటికూర తొక్కులో ఉప్పు ఎంత, నూనె ఎంత అన్న లెక్క తల్లి చేతి నుంచి కూతురి చేతికి వచ్చింది; కాగితం మీదికి రాలేదు. రాతలో ఉన్నదే చరిత్ర అనుకుంటే జెల్లీకి చరిత్ర ఉంటుంది, తొక్కుకు ఉండదు.

ఈ జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు వలసపోయేవారి సామానులో తొక్కు సీసా కూడా ఉంటుంది. ఇదే మొక్క ఎండు రక్షకపత్రాలతో కాచే పానీయాన్ని ఈజిప్టు, సూడాన్ ప్రజలు కర్కదే అంటారు. వలస చరిత్ర రాసేవారికి ఆ సీసా కూడా ఒక ఆధారమే.

5. సారాంశం

పులుపు అవసరం ఇంగ్లండుకూ రుద్రంగికీ ఉమ్మడిదే. దాన్ని నిలవచేసే పద్ధతిని వాతావరణం, సరుకులు, భోజనంలో దాని స్థానం కలిసి నిర్ణయించాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. చక్కెర అందుబాటు ఒక్కటే కారణమన్న వాదన ఎందుకు నిలవదు?
2. మీ ఇంట్లో పెద్దవారిని అడిగి ఒక నిలవ పచ్చడి తయారీని కొలతలతో సహా రాయండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో కూడా నమోదు చేయండి.