వ్యోమగామి

అహోబిలం కొండకు గరుడాద్రి అని పేరు. గరుత్మంతుడు తపస్సు చేసిన చోటని స్థలపురాణం. ఆయన ఖగపతి. ‘ఖం’ ఆకాశం, ‘గ’ అంటే వెళ్లేది, ఖగం, పక్షి. సరిగ్గా అదే అచ్చులో పోసిన మాట వ్యోమగామి. వ్యోమమన్నా ఆకాశమే, గామి వెళ్లేవాడు. ఖగాన్ని పక్షులు ఎప్పుడో పట్టేసుకున్నాయి, మనిషికి వేరే మాట వెతకాల్సి వచ్చింది మరి!

రష్యా వాళ్ల కాస్మోనాట్‌లోనూ, అమెరికా వాళ్ల ఆస్ట్రోనాట్‌లోనూ చివర ఉన్నది గ్రీకు నావికుడు. మన మాటలో ఓడా లేదు, చుక్కానీ లేదు. నిజానికి తొలి వ్యోమగామికి మన మాటే బాగా నప్పింది. 1961 ఏప్రిల్ 12న యూరీ గగారిన్ 108 నిమిషాల్లో భూమిని చుట్టివచ్చినప్పుడు వోస్తోక్-1 తనంతట తానే నడిచింది. చేతి నియంత్రణకు తాళం వేశారు. బరువు తెలియని చోట మనిషి బుర్ర ఎలా పనిచేస్తుందోనని డాక్టర్ల భయం. తాళం తీసే అంకెలు, 125, కవరులో పెట్టి అంటించి లోపల ఉంచారు. దాన్ని తెరిచే అవసరమే రాలేదు.

సంస్కృతంలో స్త్రీ అయితే ‘గామిని’ కావాలి. తెలుగు అంత పట్టించుకోలేదు. 1963లో వెళ్లిన వాలెంతీనా తెరిష్కోవా వ్యోమగామే, 1984లో సోయజ్ టి-11 ఎక్కిన రాకేశ్ శర్మా వ్యోమగామే, 2021 జులై 11న ఎగిరిన మన శిరీష బండ్లా వ్యోమగామే. ఇప్పుడు గగన్‌యాన్ పుణ్యమా అని ‘గగనయాత్రి’ పోటీకి దిగింది. వినడానికి బాగుంది కానీ, నాకు కాస్త టిక్కెట్టు కొనుక్కుని వెళ్లినట్టు అనిపిస్తుంది.