సీమ్ సీలర్ తొలగింపు

పాత కార్ల పునరుద్ధరణలో బాడీ రేకుల అతుకుల మీద గట్టిపడిన సీలర్‌ను తీసివేసే పని. స్పాట్ వెల్డింగ్‌తో కలిపిన రేకుల సందుల్లోకి నీరు చేరకుండా కర్మాగారంలోనే దీన్ని పూస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ ఇది బిగుసుకుని పగులుతుంది. లోపల నిలిచిన తేమతో రేకు తుప్పు పడుతుంది. అంబాసిడర్ వంటి మోనోకాక్ కార్లలో బాడీయే బరువు మోస్తుంది కనుక ఆ తుప్పు భద్రతకే ముప్పు.

పద్ధతి: హీట్ గన్‌తో మెత్తబరచి స్క్రేపర్‌తో లేపి, మిగిలినదాన్ని వైర్ బ్రష్‌తో తీస్తారు. ఒకేచోట వేడి ఎక్కువైతే పలుచని రేకు వంకరపోతుంది.

జాగ్రత్తలు: పీవీసీ సీలర్ మాడితే హైడ్రోజన్ క్లోరైడ్, పాలీయురేథేన్ మాడితే ఐసోసయనేట్లు వెలువడతాయి. గాలి ఆడే చోట, తగిన రెస్పిరేటర్ ధరించి పనిచేయాలి.

తర్వాతి దశ: తుప్పు తొలగించి, ఎపాక్సీ ప్రైమర్ పూసి, ఆరాక కొత్త సీలర్ వేస్తారు.