కూలిన సమీకరణం

ఒకప్పుడు ఈ దేశం ఒక సమీకరణాన్ని నమ్ముకుంది. 1980ల చివర్లో శాస్త్రవేత్త వసంత్ గోవారికర్, ఆయన సహచరులు నైరుతి రుతుపవనాల కోసం కట్టిన రిగ్రెషన్ నమూనా అది. హిమాలయాల మీది మంచు, డార్విన్‌లో వాయుపీడనం, అర్జెంటీనాలో పీడనం, ఎల్‌నినో, పైగాలుల తీరు... మొత్తం 16 సూచికలు చూసి, ఆ ఏటి వాన సగటులో ఎంత శాతమో ముందే చెప్పేది.

1989 నుంచి 2001 దాకా ఏటా వాన సాధారణమేనంది. ఏ ఏడూ దేశవ్యాప్త కరువు రాలేదు. నమ్మకం వేళ్ళూనుకుంది.

అంచనాలో పొరపాటు 4 శాతానికి మించదని వాతావరణ శాఖ ప్రకటించేది. కానీ 1994లో 92 శాతమంటే 110 కురిసింది. 1999లో 108 అంటే 96 దగ్గర ఆగింది. హద్దు చెదిరిపోయిందని ఆ అంకెలే మొత్తుకున్నాయి. పంట పండిన ఏళ్ళలో వాటి గోడు ఎవరికి పడుతుంది? 2000లో నాలుగు సూచికలకు వానతో పొత్తు సడలిందని వాటిని మార్చి, మళ్ళీ ముందుకు నడిపించారు.

2002లో 101 శాతమంది. జూలై వచ్చింది, వాన రాలేదు. ఆ నెల కురవాల్సిన దాంట్లో సగం వరకూ కురవనే లేదు. నాట్లకు నీళ్ళు లేవు, వేసిన విత్తనం మొలిచిన చోటే మాడింది. సీజన్ ముగిసేసరికి దక్కింది 81 శాతం. కరువు వాతపడిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

సమీకరణం కూలడానికి కారణం ఆ ఒక్క జూలై కాదు. పదహారు సూచికలకు గుణకాలు, ఘాతాంకాలు కలిపితే ముప్పైకి పైగా అంకెలు. వాటిని సరిచూసుకోవడానికి ఉన్నవి కొన్ని దశాబ్దాల వానాకాలాలే. అన్ని మీటలు చేతిలో ఉంటే గడిచిన ఏళ్ళను ఎలాగైనా కలపవచ్చు. రాబోయే ఏడు మాత్రం కలిసిరాదు. ఎన్నో అంశాలు వెతికి బాగా కుదిరినవే ఏరుకుంటే కాకతాళీయం కూడా చుట్టరికంలా కనబడుతుందని, ఇదే వాతావరణ శాఖను నడిపిన గిల్బర్ట్ వాకర్ 1914లోనే హెచ్చరించాడు. ఆ మాట చెవికెక్కలేదు.

2003లో ఆ నమూనాను పక్కన పెట్టారు. కట్టినవారి శ్రమనూ నిజాయితీనీ నేను శంకించను. నా బాధ ఒక్కటే: సమీకరణం ఎన్నడూ చూడని ఏళ్ళలో ఎంత తప్పిందో అంచనా పక్కనే ఏటా చెప్పి ఉంటే, రైతు ఆ అంకెను ఎంతవరకు నమ్మాలో తానే తేల్చుకునేవాడు. ఆ హక్కు అతనిది.