ఒక గోడ, రెండు పద్దులు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్న మాట విననివారు మన శ్రోతలలో ఉండరు. అంచనా యొకటి, అయిన వ్యయము వేరొకటి యగుట నేటి సంగతి కాదు. రోమక వాస్తుకారుడు విట్రూవియసు, క్రీస్తుకు పూర్వము మొదటి శతాబ్దిలో రచించిన తన గ్రంథపు పదవ భాగమున, ఎఫెసస్ నగరపు ప్రాచీన శాసనము నొకదానిని పేర్కొనినాడు. ప్రభుత్వ కట్టడమునకు పూనుకొనిన వాస్తుకారుడు వ్యయమెంతయో ముందుగా చెప్పవలెను. పని ముగియువరకు అతని ఆస్తి హామీగా నుండును. చెప్పినదానికంటె నాలుగవ వంతునకు మించి ఖర్చయినచో, ఆ మించినది అతని ఆస్తినుండియే రాబట్టెదరు. రోములోగూడ ఇట్టి శాసనమున్న బాగుండునని గ్రంథకర్త కోరిక. నేటి వాస్తుకారులు ఆ కోరికను హర్షింతురో లేదో మేము చెప్పజాలము.

అంచనాలు తప్పుటకు ధరలు పెరుగుట ఒక కారణము. అది అందరు ఎరిగినదే. అంతగా చర్చకు రాని కారణము మరియొకటి కలదు: ఒకే కట్టడమును రెండు విధముల విభజించుట.

పది చదరపు మీటర్ల గోడను తీసికొందము. మందము ఇరువదిమూడు సెంటీమీటర్లు. తాపీపనివాని లెక్కలో అది 2.3 ఘనపు మీటర్ల ఇటుక కట్టుబడి. ఇరువైపుల సిమెంటు పూత 20 చదరపు మీటర్లు, రంగు మరల 20 చదరపు మీటర్లు. మన కేంద్ర ప్రజాపనుల శాఖవారి ఢిల్లీ ధరల పట్టికలో ఇటుకపని ఆరవ అధ్యాయమున నున్నది; పూతలు, రంగులు పదమూడవ అధ్యాయమున. ఈ పద్ధతి పనివారికి కూలి, సరకు లెక్కించుటకు మేలైనది. కాని 'గోడ కెంత అయినది?' అని యజమాని అడిగినచో, ఏ అధ్యాయమును ఒంటరిగా సమాధానమీయదు.

ఈ చిక్కు ఇంగ్లండులో రెండవ ప్రపంచ యుద్ధానంతరము బడుల నిర్మాణమునందు ముదిరినది. పిల్లలు పెక్కుమంది, ధనము కొలది. విద్యాశాఖ ఒక్కొక్క విద్యార్థి స్థానమునకు ఇంతకు మించరాదని వ్యయపరిమితి విధించినది. ఎక్కడ తగ్గింపవలెనో తెలియవలెనన్న, కప్పు కెంత, గోడల కెంత, కిటికీల కెంత యని విడివిడిగా తెలియవలెను గదా! ఆ శాఖలోని క్వాంటిటీ సర్వేయరు జేమ్స్ నిస్బెట్ మొదలగువారు వృత్తులవారీ లెక్కను విప్పి, కట్టడపు అంగములవారీగా తిరిగి పేర్చిరి. 1951లో వెలువడిన ఆ శాఖవారి నాలుగవ భవన నిర్మాణ బులెటిన్ ఈ విధానమును లోకమునకు తెలిపెను. గోడలో మిగిలిన సొమ్ము తరగతి గదికి దక్కునన్నది అందలి ఆశ.

అమెరికాలో రెండు పద్ధతులును వేర్వేరుగా సంఖ్యలు ధరించినవి. 1963లో నిర్మాణ వివరముల సంస్థవారు పనులను, సరకులను పదునారు విభాగములుగా పంచిరి. 1970 దశకమున అంగములవారీ వర్గీకరణమైన 'యూనిఫార్మాట్' రూపొందెను. దాని సవరించిన రూపము 1993లో ప్రమాణముగా ప్రకటింపబడెను. ఇందు బి 2010 అనిన వెలుపలి గోడ, సి 3010 అనిన గోడల లోపలి మెరుగు.

కంప్యూటరు వచ్చిన పిదప ఈ సంఖ్యలే భవనపు నమూనాలోని గోడలకు తగిలింపబడినవి. 2000లో వెలువడిన 'రెవిట్' వంటి సాధనములలో గోడ రకమునకు 'అసెంబ్లీ కోడు' ఒకటి ఉండును. నమూనానుండి వైశాల్యము, ధరల భాండారమునుండి రేటు తీసి గుణించిన చాలునని పెక్కురు తలచిరి. అంత సులువైనది కాదు. చిత్రకారుడు ఇటుకను, లోపలి పూతను, రంగును ఒకే గోడగా గీయును. దానికి బి 2010 అని పేరు పెట్టును. భాండారములో బి 2010 ధరయందు లోపలి పూత చేరియుండదు. అది సి 3010 క్రిందిది. ఆ సంగతి కనిపెట్టనిచో గోడకు పది చదరపు మీటర్ల పూత లెక్కలోనికి రాకయే పోవును. అట్టి గోడలు నూరున్న బడియందు వేయి చదరపు మీటర్లు! ధర నిర్ణయించినవాడు ముందుగానే పూతను కలిపియుండి, మరియొకడు సి 3010 చేర్చినచో, అదే పూతకు రెండుమారులు చెల్లింపు.

దీనికి తోడు సంఖ్యలును స్థిరముగా నుండవు. 2004లో ఆ పదునారు విభాగముల పట్టికను ఏబది స్థానములకు విస్తరించిరి. ఇటుకపని నాలుగవ విభాగముననే నిలిచినది. పదునారవదగు విద్యుత్తు ఇరువదియారవదాయెను. పదునైదవదానినుండి నీటిగొట్టములు ఇరువదిరెండునకు, గాలి శీతలీకరణము ఇరువదిమూడునకు తరలిపోయినవి. పాత సంఖ్యలతో నున్న ధరలన్నిటికిని క్రొత్త తావులు వెదకవలసి వచ్చెను.

మన దేశమున అమెరికా సంఖ్యలుగల నమూనాను మన ధరల పట్టికకు జతపరచువారికి శ్రమ ఇంకను హెచ్చు. అక్కడి ఒక్క పంక్తికి ఇక్కడ మూడు, నాలుగు పంక్తులు. అక్కడ చదరపు కొలత, ఇక్కడ ఇటుకకు ఘనపు కొలత. ఈ జతకూర్పు యంత్రమునకు విడిచిపెట్టదగినది కాదని మా అభిప్రాయము. కట్టడము తీరు నెరిగిన అంచనాదారు ప్రతి పంక్తికి ఎదుట, ఇందు ఏది చేరినది, ఏది చేరలేదు, కొలత ఏది అని వ్రాసి పెట్టవలెను. పిదప ఒక్క గదిని ఎన్నుకొని, దాని నాలుగు గోడలను కాగితముపై చేతితో లెక్కించి, యంత్రము చూపిన మొత్తముతో సరిపోల్చవలెను. తేడా వచ్చినచో తరచు అది లోపలి పూతయందో, కిటికీల ఖాళీలయందో కనబడును.